ధ్రువకాంతి ఫొటోకు ఏ నెల, ఏ ఊరు, ఏ లెన్సు?

పెళ్లి ఫొటోలతో బతికే నాకు ఏడాదిలో మూడు నెలలు ఖాళీ: ఆషాఢం, భాద్రపదం, పుష్యం. ఈ మూడు శూన్యమాసాల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి కెమెరాలు తుడుచుకోవడం, ఆల్బమ్ బాకీలకోసం ఫోన్లు చేయడం తప్ప పెద్దగా పని ఉండదు. అలాంటి ఒక ఖాళీలో, నాలుగేళ్లుగా దాచిన డబ్బుతో, ఉత్తర నార్వేకు, స్వీడన్‌కు వెళ్లి ధ్రువకాంతిని, అంటే నార్తర్న్ లైట్స్‌ను, ఫొటో తీసి వచ్చాను. నెల్లూరులో మా స్టూడియో గోడకు ఆ ఫొటో తగిలించినప్పటి నుంచి వారానికి ఒకరైనా దాని ముందు ఆగి, ఆ తరువాత నా ముందు ఆగుతున్నారు. ఏ కెమెరా కొనాలి, ఏ ఊరు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి? ప్రశ్నలు ఎప్పుడూ ఈ వరుసలోనే వస్తాయి. నా అనుభవంలో ఈ వరుస పూర్తిగా తలకిందులు. ముందు నెల తేలాలి, తరువాత ఊరు, ఆ తరువాత లెన్సు. కెమెరా సంగతి చివరికి మిగిలితే చూడవచ్చు, చాలామందికి మిగలదు కూడా.

అన్నిటికంటే ముందు ఒక ఆశను తీసేయాలి. "మైపాడు బీచ్ నుంచి కనిపించదా?" అని అడిగేవాళ్లు 2024 మే తరువాత ఎక్కువయ్యారు. ఆ నెల 10, 11 తేదీల్లో వచ్చిన భూ అయస్కాంత తుపాను 2003 తరువాత వచ్చినవాటిలో అత్యంత తీవ్రమైనది. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలకు ఆకాశంలో ఎర్రటి కాంతి దొరికింది. అక్టోబరులో మరోసారి దొరికింది. లద్దాఖ్‌కు వచ్చింది మనకెందుకు రాదు అంటే, కారణం ఉంది. సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అక్కడి పై గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను అవి ఢీకొన్నప్పుడు వెలుగు పుడుతుంది. నూరు నుంచి నూటయాభై కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతుంది, రెండు వందలు దాటాక ఎర్రగా. హాన్లేలో దొరికింది ఆ పై ఎరుపు మాత్రమే. మన నెల్లూరు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అయస్కాంత లెక్కలో ఇంకా దిగువకు పోతుంది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగానే వెళ్తుంది, తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టింది కూడా అందుకే. కాబట్టి మైపాడు ఒడ్డున రాత్రంతా నిలబడినా దక్షిణాన కనిపించే వెలుగు కృష్ణపట్నం ఓడరేవుదే.

అయినా ఈ కథలో మన తీరానికి చోటు ఉంది. 2023 సెప్టెంబరు 2న, సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 ఎగిరింది శ్రీహరికోట నుంచే. 2024 జనవరి 6 నుంచి అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఉన్న ఎల్1 బిందువు చుట్టూ తిరుగుతోంది. అదే బిందువు దగ్గర అమెరికా ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. ఫోన్లలో వచ్చే ధ్రువకాంతి హెచ్చరికలకు ఆధారం వాటి కొలతలే. సౌర గాలి, అంటే సూర్యుడి నుంచి వచ్చే ఆ కణాల ప్రవాహం, ఆ బిందువును దాటాక మనల్ని చేరడానికి పావుగంట నుంచి గంట వరకూ పడుతుంది. అంటే అరగంట ముందు చెప్పే సూచన గట్టిది, వారం ముందు చెప్పేది ఊహ. టికెట్లు మాత్రం మూడు నెలల ముందు కొనాలి. మనం ఎంచుకునేది సూర్యుడి తుపానును కాదు, చీకటిని, తేట ఆకాశాన్ని మాత్రమే. ఈ మాట పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ తేలికవుతాయి.

నెల: మన పంచాంగమే చాలు

మన ఇళ్లలో దూర ప్రయాణం అంటే వేసవి సెలవులు. ధ్రువకాంతికి ఇంతకంటే చెడ్డ సమయం లేదు. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. దానికి అటూఇటూ వారాల్లో అస్తమించినా చీకటి పడదు. కాంతి పైన ఆడుతూ ఉన్నా వెలుతురులో కనిపించదు. మాకు తెలిసిన ఒక కుటుంబం జూన్‌లో ఉత్తర యూరప్ ప్యాకేజీ తీసుకుని, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూసి వచ్చింది. అదీ చూడదగ్గదే, కానీ వాళ్లు వెళ్లింది దానికోసం కాదు. ప్యాకేజీ అమ్మినవాళ్లు ఆ ముక్క ముందే చెప్పి ఉండాల్సింది. ఈ లెక్కన నా ఆషాఢం ఖాళీ కూడా వ్యర్థమే.

పుష్యం, అంటే దాదాపు జనవరి, పనికొస్తుంది. రాత్రి చాలా పొడవు, సంక్రాంతి సెలవులూ కలిసొస్తాయి. ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం పైకి రాడు. మధ్యాహ్నం కాసేపు నీలి వెలుగు, మిగతాదంతా చీకటే. చీకటి ఎంత ఎక్కువైతే అంత మంచిదే కదా అనిపిస్తుంది. కానీ మంచు, గాలి, చలి కూడా అప్పుడే ఎక్కువ. నెల్లూరులో ఇరవై డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే మనవాళ్లకు ఇది తేలిక కాదు.

నా ఓటు భాద్రపదం చివరికి. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టూ, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లోను, మళ్లీ మార్చిలోను, భూమి అయస్కాంత క్షేత్రం సౌర గాలికి ఎక్కువగా లొంగే వాలులో ఉంటుంది. బలమైన కాంతులు ఆ నెలల్లో ఎక్కువగా కనబడతాయన్నది చాలాకాలంగా గమనించిన విషయమే. నీళ్లు ఇంకా గడ్డకట్టవు కాబట్టి సరస్సులో ప్రతిబింబం కూడా దొరుకుతుంది. ఇక చంద్రుడి సంగతి. నిండు చంద్రుడు బలహీనమైన కాంతిని మింగేస్తాడు, నేలకు మాత్రం చక్కటి వెలుగు ఇస్తాడు. మొదటిసారి వెళ్లేవాళ్లు చీకటి రాత్రులే ఎంచుకోవాలి. అందుకు ఏ యాప్ అక్కర్లేదు, గోడ క్యాలెండర్‌లో మహాలయ పక్షం చూసుకుంటే చాలు. ఆ పక్షం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వస్తుంది. పక్షం చివరి రోజుల్లో చంద్రుడి వెలుగు ఉండదు, పెళ్లిళ్లు అసలే ఉండవు. మహాలయ అమావాస్య 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది, రెండూ విషువత్తుకు దగ్గరే.

ఇందులో ఒక చిక్కు ఉంది. మా అమ్మ అన్న మాట: "నాన్నకు నీళ్లు వదిలి అప్పుడు వెళ్లు." కాదనే మాట కాదు. అమావాస్యనాడు తర్పణం ముగించుకుని మర్నాడు చెన్నైలో విమానం ఎక్కాను. నవరాత్రుల మొదటి నాలుగైదు రోజులు చంద్రుడు సన్నగా ఉంటాడు, ఆ అక్షాంశంలో శరత్కాలపు సాయంత్రపు నెలవంక దిగంతానికి అంటుకునే ఉండి వెంటనే దిగిపోతుంది. అంటే అమావాస్యకు ముందు వారం ఎంత మంచిదో తరువాతి వారమూ అంత మంచిదే. దసరా ఇంట్లో చేసుకోలేకపోవడం ఒక్కటే నష్టం.

ఇంకో లెక్క కూడా ఉపయోగపడుతుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి, మనవైపు నుంచి చూస్తే, 27 రోజులు పడుతుంది. ఒకసారి మంచి కాంతిని ఇచ్చిన కరోనా రంధ్రం (సూర్యుడి బయటి పొరలో సౌర గాలి వేగంగా బయటపడే చోటు) 27 రోజుల తరువాత మళ్లీ మనవైపు తిరగవచ్చు. నక్షత్రాల సంఖ్యా 27 కావడం యాదృచ్ఛికమే కానీ, గుర్తుపెట్టుకోవడానికి బాగుంది. 2019 డిసెంబరులో మొదలైన ప్రస్తుత సౌరచక్రం (సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే కాలం) పతాక దశకు చేరిందని 2024 అక్టోబరులో అమెరికా సంస్థలు ప్రకటించాయి. "అయితే ఇప్పుడు తగ్గుముఖం కదా, ఆలస్యమైందా?" అని బెంగపడనక్కర్లేదు. దిగే దశలోనూ పెద్ద తుపానులు వస్తాయి. పైగా అయస్కాంత ధ్రువం చుట్టూ కాంతి తరచుగా కనబడే ఉంగరం లాంటి పట్టీ, అంటే ధ్రువవలయం, కింద ఉన్న ఊళ్లకు పెద్ద తుపాను అవసరమే లేదు.

ఊరు: ఎవరికి ఏది

పేరు పొందిన చోట్లు చాలానే ఉన్నాయి. వాటిని అక్షాంశంతో పోలిస్తే మోసపోతాం. కెనడాలోని ఎల్లోనైఫ్ 62.5 డిగ్రీల మీద ఉంది, ట్రోమ్సో 69.6 మీద. అయినా ఎల్లోనైఫ్ ధ్రువవలయానికి నేరుగా కిందే ఉంది, ఎందుకంటే భూమి అయస్కాంత అక్షం ఉత్తర అమెరికా వైపు ఒరిగి ఉంది. ఈ ఊళ్లన్నీ వలయం కిందో, దాని అంచునో ఉన్నవే. తేడా అంతా మబ్బుల్లో ఉంది, ఖర్చులో ఉంది, మీతో వచ్చేవాళ్లలో ఉంది.

ఫొటో ఒక్కటే ధ్యేయం అయితే స్వీడన్‌లోని అబిస్కో. చుట్టూ ఉన్న కొండలు పడమటి నుంచి వచ్చే తేమను ఆపేస్తాయి. ఏడాదికి అక్కడ కురిసేది మూడు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే, నెల్లూరులో ఈశాన్య రుతుపవనం ఒక్క గట్టి వాయుగుండంతో కురిపించేంత. చుట్టూ మబ్బు పట్టినా సరస్సు మీద తేటగా ఒక కిటికీ మిగిలి ఉండడం నేనే చూశాను. ఊరు మాత్రం చాలా చిన్నది. రైల్వే స్టేషన్, వసతి గృహం, టోర్నెట్రాస్క్ సరస్సు, కొండ మీదికి వెళ్లే కుర్చీల లిఫ్టు, అంతే. భోజనానికి ఎంపిక ఉండదు. గోంగూర పచ్చడి సీసా, కారప్పొడి, అటుకులు మోసుకెళ్లాను, వాటివల్లే బతికాను.

ట్రోమ్సో దీనికి పూర్తిగా వేరు. అసలైన పట్టణం, హోటళ్లు, దుకాణాలు, పగలు చూడడానికి చోట్లు అన్నీ ఉన్నాయి. సముద్రపు వేడి ప్రవాహం వల్ల ఆ అక్షాంశానికి తగ్గ చలి ఉండదు. ఆ సముద్రమే మబ్బులనూ తెస్తుంది. అందుకే అక్కడి గైడ్లు సాయంత్రం ఉపగ్రహ చిత్రాలు చూసి, ఆకాశం ఎటు తేటగా ఉంటే అటు బస్సు నడుపుతారు, అవసరమైతే ఫిన్లాండ్ సరిహద్దు దాకా. నా మొదటి రెండు రాత్రులు ఆ బస్సులోనే గడిచాయి. భార్యతోనో స్నేహితులతోనో మొదటిసారి వెళ్లేవాళ్లకు, ఫొటోతోపాటు ప్రయాణం కూడా కావాలనుకునేవాళ్లకు ఇదే చెబుతాను. మీరే కారు అద్దెకు తీసుకుని మంచు రోడ్డు మీద నడపాలనే ఆలోచన మాత్రం వద్దు. కోల్‌కతా–చెన్నై హైవే మీద ఇరవై ఏళ్ల అనుభవం అక్కడ ఒక్క మలుపుకు సరిపోదు.

పిల్లలు ఉంటే ఫిన్లాండ్‌లోని రొవానియెమి. క్రిస్మస్ తాత గ్రామం, రెయిన్‌డీర్ బండ్లు ఉంటాయి, కాంతి కనబడకపోయినా పిల్లలు ఏడవరు. ఆర్కిటిక్ వృత్తం మీద ఉన్న ఊరు కాబట్టి వలయానికి కొంచెం దక్షిణం. కాంతి తరచుగా నడినెత్తిన కాక ఉత్తర దిగంతంలో వంపుగా కనబడుతుంది.

ఐస్‌లాండ్ ఫొటోల్లో అద్భుతం. జలపాతాలు, నల్ల ఇసుక, మంచుగడ్డలు, ముందుభాగం ఏదీ వెతుక్కోనక్కర్లేదు. కానీ గాలి, మబ్బు గంటగంటకూ మారతాయి, వారానికి తక్కువ ఉంటే వెళ్లవద్దు. అక్కడి వాతావరణ శాఖ మబ్బుల పటమూ, కాంతి సూచనా ఒకేచోట ఇస్తుంది, అది పెద్ద సౌకర్యం. ఈ నాలుగు దేశాలకూ షెన్‌గన్ వీసా ఒక్కటే సరిపోతుంది.

రష్యాలోని ముర్మాన్స్క్ కూడా వలయం కిందే ఉంది. భారతీయులకు ఈ-వీసా దొరుకుతుంది, ఖర్చూ నార్వే కంటే బాగా తక్కువ. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు, నగదు మోసుకెళ్లాలి. డబ్బు ఒక్కటే అడ్డంకి అయితే ఆలోచించదగ్గ దారి.

నెల్లూరులోను, ఒంగోలులోను వీధికి నాలుగిళ్లలో అమెరికాలో ఉండే అబ్బాయో అమ్మాయో ఉంటారు. పిల్లల దగ్గరకు ఆరు నెలలకని వెళ్లే పెద్దవాళ్లకు నా సలహా వేరు. వాళ్లకు యూరప్ అనవసరం. మే నెలలో వెళ్లి నవంబరులో తిరిగొచ్చేవాళ్లు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కు నాలుగు రోజులు వెళ్లి రావచ్చు. అప్పటికి అక్కడ చీకటి తిరిగి వస్తుంది, గడ్డకట్టే చలి ఇంకా రాదు. కెనడాలో బంధువులు ఉంటే ఎల్లోనైఫ్. చదునైన నేల, పొడిగాలి, శీతకాలంలో చాలా తేట ఆకాశం. చలి మాత్రం ముప్పై డిగ్రీల మైనస్‌కు దిగుతుంది, నలభైకి కూడా పోతుంది.

వేసవి సెలవులు తప్ప వేరే వీలు లేనివాళ్లు దక్షిణానికి తిరగాలి. మనకు మే, జూన్ అంటే ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియాకు, న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి పొడవాటి రాత్రులు. దక్షిణ ధ్రువకాంతి అక్కడి దిగంతంలో కనబడుతుంది, కానీ దానికి గట్టి తుపాను కావాలి. మెల్‌బోర్న్‌లో చుట్టాలుంటే వెళ్లండి, ఇది ఒక్కటే మనసులో పెట్టుకుని మాత్రం వెళ్లకండి. హాన్లే గురించీ అదే మాట. 4,500 మీటర్ల ఎత్తు, దేశంలోనే అతి చీకటి ఆకాశాల్లో ఒకటి. పాలపుంతకోసం అయితే నేనే రెండోసారి కూడా వెళ్తాను. ధ్రువకాంతికోసం అయితే, ఏ ఏడాదికో ఒకసారి కెమెరాకు మాత్రమే చిక్కే ఎరుపుకోసం లేహ్‌లో ఊపిరికి తంటాలు పడడం అవుతుంది.

ఏ ఊరైనా సరే, మన ప్యాకేజీల్లోని పెద్ద లోపం రాత్రుల సంఖ్య. పది రోజుల్లో ఆరు నగరాలు చూపించి, "ధ్రువకాంతి దర్శనం" అని ఒక్క రాత్రి పెడతారు. ఏ రాత్రి అయినా ఆకాశం తేటపడే అవకాశం సగం అనుకుందాం. ఒక్క రాత్రికి అది బొమ్మా బొరుసా. నాలుగు రాత్రులుంటే నాలుగూ మబ్బు పట్టే అవకాశం పదహారింట ఒకటి. మబ్బు పడితే వరసగా పట్టే గుణం దానికి ఉంది కాబట్టి నిజంలో లెక్క ఇంత ఉదారంగా ఉండదు, అయినా ఒకే చోట నాలుగు రాత్రులకు సాటి ఏదీ లేదు. పారిస్‌ను వదులుకోండి.

లెన్సు: కెమెరా కంటే ముందు

"కొత్త ఫుల్ ఫ్రేమ్ బాడీ తీసుకోమంటారా?" అని అడిగేవాళ్లందరికీ నా జవాబు ఒకటే: మీ దగ్గర ఉన్న బాడీ, అంటే లెన్సు కాక మిగతా కెమెరా, గత పదేళ్లలో వచ్చినదైతే అదే చాలు, లెన్సు మార్చండి. దీనికి కారణం రుచిని బట్టి చెప్పేది కాదు, లెక్క. కెమెరాతో వచ్చే కిట్ లెన్సు వెడల్పు కొసన ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకున్నట్టు). ఎఫ్ 1.8 లెన్సు దానికంటే దాదాపు నాలుగు రెట్లు వెలుగు పట్టుకుంటుంది. కిట్ లెన్సుతో 15 సెకన్లు పట్టే ఫొటో దీంతో 4 సెకన్లలో అవుతుంది. ధ్రువకాంతి కదులుతూ ఉంటుంది కాబట్టి ఈ తేడా ప్రాణం. పదిహేను సెకన్లలో, పరదాలా వేలాడే కాంతి మడతలన్నీ కలిసిపోయి ఆకాశం మీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు వస్తుంది. నాలుగు సెకన్లలో మడత మడతగా, కింది అంచున నైట్రోజన్ ఇచ్చే గులాబీ రంగుతో సహా నిలుస్తుంది.

ఏ లెన్సు అంటే, మూడు దారులు. 14 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 చవకగా దొరుకుతుంది, మాన్యువల్ ఫోకస్ రకమైతే ఇంకా చవక. ఎలాగూ ఇక్కడ ఆటోఫోకస్ పనిచేయదు కాబట్టి నష్టం లేదు. వెడల్పు చాలా ఎక్కువ, నడినెత్తిన విరిసిన కాంతి మొత్తం పడుతుంది. 20 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 వెలుగులో దానికి రెండున్నర రెట్లు మేలు, ధర కూడా పైనే. నేను రెండూ వాడాను. ఒక్కటే ఉంచుకోమంటే 20 ఉంచుకుంటాను, ఎందుకంటే కాంతి బలహీనంగా ఉన్న రాత్రులే ఎక్కువ. మూడో దారి పెళ్లి ఫొటోగ్రాఫర్లందరి సంచిలో ఉండే 24–70 ఎఫ్ 2.8. దాన్ని 24 దగ్గర పెట్టి తీస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. నా గోడ మీది ఫొటో దాంతో తీసిందే. కొనే బదులు చెన్నైలో వారానికి అద్దెకు తెచ్చుకోవడం తెలివైన పని, 14 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ తరువాత పెళ్లిలో ఏం తీస్తారు?

ఇక నా బుద్ధితక్కువ సంగతి. పెళ్లిలో తలంబ్రాల బియ్యం, పసుపు నీళ్లు లెన్సుకు తగలకుండా ప్రతి లెన్సుకు ముందు ఒక యూవీ ఫిల్టరు ఉంటుంది. అది ఉందన్న సంగతే మరచిపోతాం. ట్రోమ్సోలో రెండో రాత్రి మబ్బు విడిచింది, గంటసేపు తీశాను. హోటలుకు వచ్చి తెర మీద పెద్దది చేసి చూస్తే ప్రతి ఫొటో మధ్యలో చెరువులో రాయి వేసినట్టు వలయాలు. లెన్సు చెడిందనుకుని వణికిపోయాను. విషయం అది కాదు. ధ్రువకాంతి ఆకుపచ్చ దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం, 557.7 నానోమీటర్లు. అంత శుద్ధమైన రంగు ఫిల్టరు గాజు రెండు ముఖాల మధ్య ప్రతిఫలించి తనతో తానే కలిసి వలయాలు చేస్తుంది. పగటి వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉండడం వల్ల ఈ లోపం బయటపడదు. విమానం ఎక్కే ముందే ఫిల్టర్లు తీసి ఇంట్లో పెట్టండి.

మిగతా అమరికలు క్లుప్తంగా. మాన్యువల్ మోడ్, రా ఫైలు, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 1600తో మొదలుపెట్టి 3200 దాకా, కాంతి వేగంగా కదిలితే 2 నుంచి 5 సెకన్లు, నెమ్మదిగా ఉంటే 8 నుంచి 15. వైట్ బ్యాలెన్స్ 3,500 నుంచి 4,000 కెల్విన్ మధ్య ఎక్కడో ఒకచోట నిలపండి, ఆటోలో వదిలితే ఒక్కో ఫొటో ఒక్కో రంగు. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపేయండి. షట్టర్ నొక్కే వేలు కదపకుండా రెండు సెకన్ల టైమరు. ఫోకస్‌కు మాత్రం ఓపిక కావాలి. లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పట్టి పదింతలు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి తిప్పుతూ ఉంటే బొండుమల్లె మొగ్గంత కనబడే చుక్క ముడుచుకుని ఆవగింజ అవుతుంది, మరికాస్త తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. ఆవగింజ దగ్గర ఆపి, రింగుకు టేపు అంటించండి. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మితే రాత్రంతా మసకే.

చలిలో బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, మూడు ఉంచుకుని రెండు చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి. అల్యూమినియం ట్రైపాడ్‌ను వట్టి చేత్తో పట్టలేం. దాని కాళ్లకు క్రికెట్ బ్యాటు గ్రిప్పులు తొడిగాను, కార్బన్ ట్రైపాడ్ కొనే డబ్బు మిగిలింది. లెన్సు మీద నీటి పొర పట్టే సంగతి మనకు కొత్త కాదు, ఏసీ కల్యాణ మండపం నుంచి ఎదురుకోలుకు బయటికి పరుగెత్తిన ప్రతిసారీ అనుభవించేదే. అక్కడ అది తిరగబడుతుంది: బయట చలి, గదిలో వెచ్చదనం. లోపలికి వచ్చే ముందే కెమెరాను సంచిలో పెట్టి జిప్పు మూసి, గంటసేపు తెరవకుండా ఉండాలి. ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఉంటే మెమొరీ కార్డు బయటే తీసేసుకోండి.

ఫోను చాలదా? చాలామందికి చాలు. ఈ మధ్యకాలపు మంచి ఫోన్లలో నైట్ మోడ్ ట్రైపాడ్ మీద పెడితే పది సెకన్లు, కొన్నిటిలో ముప్పై సెకన్లు వెలుగు పోగుచేస్తుంది. ఇంటి గ్రూపులో పంపడానికి, చిన్న ఫ్రేము కట్టించడానికి ఆ ఫొటో బాగానే ఉంటుంది. గూగుల్ పిక్సెల్‌లో ఉండే నాలుగు నిమిషాల నక్షత్ర మోడ్ మాత్రం వాడకండి, అది కదలని చుక్కలకోసం చేసింది, కాంతిని మరక చేస్తుంది. గోడంత ప్రింటు కావాలంటే, నీడల్లో కొండ అంచులు కనబడాలంటే కెమెరా తప్పదు. ఫోను మాత్రమే తీసుకెళ్లేవాళ్లు కూడా ఆరు వందల రూపాయల క్లిప్పు, చిన్న ట్రైపాడ్ మరచిపోవద్దు. కంటికి కనిపించేది ఫొటోలో ఉన్నంత ఆకుపచ్చగా ఉండదని కూడా ముందే తెలుసుకుని వెళ్లాలి. బలహీనమైన కాంతి కంటికి బూడిదరంగు మబ్బులా ఉంటుంది, చీకట్లో మన కంటికి రంగు తెలిసే శక్తి తక్కువ. మబ్బో కాంతో తేలకపోతే ఒక ఫొటో తీయండి, ఆకుపచ్చ వస్తే అదే.

సాధన: మైపాడా, కొత్తపట్నమా, ఉదయగిరా?

అక్కడికి వెళ్లి కెమెరా నేర్చుకుంటే ఖర్చయ్యేది రాత్రికి ఇన్ని వేలని లెక్క వేసుకోండి. ఇక్కడైతే పెట్రోలు ఖర్చే. మైపాడు నెల్లూరుకు పాతిక కిలోమీటర్లు, తూర్పున సముద్రం పూర్తి చీకటి. దక్షిణాన ఓడరేవు వెలుగు, వెనుక రొయ్యల చెరువుల దీపాలు పాలపుంత కింది భాగాన్ని పాడుచేస్తాయి. ఫోకస్, చీకట్లో బటన్లు వెతుక్కోవడం నేర్చుకోవడానికి మాత్రం ఇదే మేలు. ఒంగోలువాళ్లకు కొత్తపట్నం అదే పని చేస్తుంది. అసలైన చీకటికి ఉదయగిరి వైపు వెళ్లాలి, కొండల నీడలో నక్షత్రాలు కిందిదాకా దిగుతాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో భైరవకోన చుట్టూ ఇంకా చీకటి, కానీ నల్లమల అడవి, రాత్రి ఒంటరిగా తిరిగే చోటు కాదు. ఉప్పుగాలిలో వాడిన ట్రైపాడ్‌ను ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి. కదిలే వెలుగును తీయడం రావాలంటే శ్రీహరికోటలో రాత్రి ప్రయోగం ఉన్న రోజు మైపాడు ఒడ్డున నిలబడండి. రెండు నిమిషాల్లో ఎక్స్‌పోజరు మార్చుకోవడం వస్తే అక్కడ పరదా విరిసినప్పుడు చేతులు తడబడవు.

ఒక్క తేడా మాత్రం ఇక్కడ సాధన చేయలేం అనుకున్నాను. మైపాడులో ధ్రువ నక్షత్రం దిగంతానికి పిడికిలిన్నర ఎత్తు, ట్రోమ్సోలో దాదాపు నడినెత్తిన. అంటే కెమెరాను నిట్టనిలువుగా పైకెత్తి, మందపాటి చేతితొడుగులతో, తల వెనక్కి వంచి పని చేయాలి. సెప్టెంబరు ఉక్కపోతలో ఒక రాత్రి ఉన్ని తొడుగులు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, నెత్తి మీది చుక్కలకు గురిపెట్టి బటన్లు నొక్కుతూ మైపాడు ఇసుకలో కూర్చున్నాను. చెమటకు తొడుగులు తడిసి ముద్దయ్యాయి. వేకువజామున వల భుజాన వేసుకుని పడవ దగ్గరకు పోతున్న పెద్దాయన ఆగి, టార్చి వేసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏమయ్యా, జ్వరమా?" అన్నాడు. కాదు పెద్దయ్యా, నార్వేలో ఫొటోలు తీయడానికి అలవాటు చేసుకుంటున్నానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముందు ఆ మఫ్లరు తీయి, లేకపోతే నార్వే దాకా పోవు" అని పడవ వైపు నడిచాడు.